పెరట్లో మూలబడిన బోరింగు

మా వైపు, అంటే కడప జిల్లా చక్రాయపేట ప్రాంతంలో, ఇంటి చేతిపంపును బోరింగు అనే పిలుస్తారు. ఒకప్పుడు పెరట్లో బోరింగు ఉన్న ఇల్లు కాస్త కలిగిన ఇల్లని లెక్క. ఇప్పుడు ఆ పోత ఇనుప పంపులు గొడ్లపాకల మూలల్లో తుప్పు పట్టి పడి ఉన్నాయి. గుజరీ బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి తూకానికి పోతున్నది. వాటిని అలా పోనివ్వవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. పాత వస్తువుల మీది మమకారం కొద్దీ చెప్పడం లేదు. దీని వెనుక ఒక గుక్కెడు కిరోసిను సంగతి ఉన్నది.

నా చిన్నతనంలో మా చిన్నాయన డ్రమ్ములోని కిరోసినును డబ్బాలోకి దించడానికి రబ్బరు గొట్టం ఒక కొసను డ్రమ్ములో వేసి, రెండో కొసను నోట పెట్టి పీల్చేవాడు. ఊరంతా చేసే పనే అది. ధార అందుకోగానే గొట్టాన్ని నోటి నుంచి డబ్బాలోకి తిప్పడంలోనే ఉంది నేర్పంతా. ఒకనాడు ఆ నేర్పు అర క్షణం ఆలస్యమయింది. గుక్కెడు లోనికి పోయి పొలమారింది. ఇంటిల్లిపాదీ కంగారుపడి ఉప్పునీళ్ళు తాపి కక్కించారు. మేలు చేస్తున్నామనే అనుకున్నారు. ఆ రాత్రికే జ్వరం, ఆయాసం. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు గానీ, ఆ తరువాత మిట్ట ఎక్కేటప్పుడల్లా నడుమ నిలబడి ఊపిరి తీసుకోవడం ఆయనకు తప్పలేదు.

కిరోసిను, డీజిలు, పెట్రోలు కడుపులో కంటె ఊపిరితిత్తుల్లో ఎక్కువ కీడు చేస్తాయి. పలుచని ద్రవాలు గనుక పొలమారినప్పుడు సులువుగా శ్వాసనాళంలోకి జారి, అక్కడ వాపు పుట్టిస్తాయి. కక్కిస్తే రెండోసారి ఆ దారినే పోయే అవకాశమిచ్చినట్టు. అందుకే కక్కించవద్దనీ, వెంటనే ఆసుపత్రికి చేర్చమనీ వైద్యులు చెబుతారు. ఆనాడు మా ఊళ్ళో అది తెలిసినవారు లేరు. 2005లో మొదలైన 108 బండి కూడా అప్పటికి లేదు. ఈనాడు రెండూ ఉన్నాయి. అయినా ట్రాక్టరుకు డీజిలు పోసేటప్పుడు గొట్టాన్ని నోట పెట్టేవాళ్ళు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

చిన్నాయన ఇంటికి వచ్చిన రోజున మా జేజి అన్న మాట నాకు బాగా గుర్తు. “ఆ బోరింగు ఊరికే పడుండాది గదరా, దాంతో తోడుకోకూడదా?” అన్నది. అందరూ నవ్వారు. నీళ్ళే రాని బోరింగు నూనె తోడుతుందా అని!

నవ్వినవాళ్ళదే పొరపాటు. బోరింగు చెడిపోలేదు, నీళ్ళు లోతుకు దిగిపోయాయి. ఇంటి బోరింగు నీటిని లాగుతుందని అనుకుంటాం గానీ, నిజానికి అది తన కడుపులోని గాలిని తీసివేస్తుంది. బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు నెట్టగలిగినది సుమారు 10 మీటర్ల ఎత్తు మాత్రమే. పంపు పద్ధెనిమిది మూరలకు మించి నీటిని ఎత్తలేదన్న సంగతి గెలీలియో 1638 నాటి తన గ్రంథంలో ప్రస్తావించాడు. కారణాన్ని 1643లో ఆయన శిష్యుడు టొరిచెల్లి పాదరసంతో తేల్చాడు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటితే ఇంటి బోరింగు చేతులెత్తేస్తుంది. పాపఘ్ని ఇసుక తడిగా ఉన్న రోజుల్లో ఆ లోతు సరిపోయింది, తరువాత చాలలేదు. బడి ముందర ఉండే ఇండియా మార్క్-2 బోరింగు వేరు. దాని సిలిండరు బోరులో నీటిలోనే మునిగి ఉంటుంది గనుక ఎక్కువ లోతునుంచి తోడగలదు.

మరి 200 లీటర్ల డ్రమ్ము ఎత్తు ఎంత? మూడడుగుల లోపే. బావికి పనికిరానిది డ్రమ్ముకు పుష్కలంగా పనికివస్తుంది. పైగా గొట్టంలో ధార ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు. బోరింగు ధార చేయి ఆపగానే ఆగుతుంది.

చేయవలసినది కొంచెమే. పంపును విప్పి, తుప్పు గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. కొయ్య పీటకు బోల్టులతో బిగించాలి. లోపలి వాషరు తోలుది వేయించాలి. మామూలు రబ్బరు డీజిలులో ఉబ్బిపోతుంది, తోలు తట్టుకుంటుంది. పాత పంపు స్టవ్వుల్లో నూనె రాసి వేసిన తోలు వాషరును చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పీల్చే గొట్టం కొస డ్రమ్ము అడుగుకు రెండంగుళాలు పైనే ఉండాలి, నీరూ మడ్డీ అడుగున చేరతాయి గనుక. పంపు అందుకోవడానికి పైన నీళ్ళు పోసే అలవాటు ఇక్కడ పనికిరాదు. అదే డీజిలు కొంచెం పోయాలి. నీళ్ళు పోస్తే ఇంజను నాజిలుకు చేటు.

ఇక హద్దులు. ఒక పంపుకు ఒకే ద్రవం. డీజిలు తోడినది మళ్ళీ నీళ్ళ తొట్టి దగ్గరికి రాకూడదు. పురుగుమందు తోడినది దేనికీ రాకూడదు. ఎర్ర రంగు పూసి పేరు రాసి పెట్టాలి, మనం లేనప్పుడు ఇంకొకరు ఎత్తుకుంటారు గనుక. పెట్రోలు జోలికి అసలు పోవద్దు. దాని ఆవిరి చలికాలంలో కూడా అంటుకుంటుంది. కిరోసిను ఆవిరి సుమారు 35, 40 డిగ్రీల వేడికే నిప్పందుకోగలదు. మా కడప ఎండ అంతకు మించినది! కనుక తోడే పని తెల్లవారి చల్లనివేళ, ఆరుబయట, బీడీకీ పొయ్యికీ దూరంగా జరగాలి. పాత అర హార్స్‌పవరు మోటారుతో తోడితే సులువు కదా అని కొందరంటారు. మోటారులోని స్విచ్చులో పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు, ఆ సులువు కొంప ముంచడానికి.

ఇంత శ్రమ ఎందుకు, డ్రమ్ము పంపు కొత్తదే కొనుక్కోవచ్చు గదా అనవచ్చు. నిజమే, కొనగలవారు కొనుక్కోవాలి. నా వాదమల్లా నోటిని పంపుగా వాడవద్దనే. కానీ కొంటాం కొంటామంటూ ఏళ్ళు గడిపి, ఈలోగా గొట్టాన్ని నోట పెట్టేవారే ఎక్కువ. వాళ్ళ పెరట్లోనే, వాళ్ళ తాతలు కొన్న పరికరం పడి ఉంది. దానిని తూకానికి వేస్తే వచ్చే డబ్బు ఒక్క రోజు ఆసుపత్రి ఖర్చుకు కూడా చాలదు.

మా బోరింగు ఇప్పుడు ఎర్ర రంగుతో పాకలో పీట మీద ఉంది. దానిని బిగించేనాటికి జేజి లేదు. చిన్నాయన ఉన్నాడు. మొదటి డబ్బా ఆయన చేతనే కొట్టించాను. నిండాక హ్యాండిలు వదిలి, గొట్టం పట్టుకునే అలవాటు కొద్దీ చేతి వెనుకతో పెదవులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు.