వెబ్‌సైట్‌లో లోపం, రైతు ఖాతాకు ముప్పు: ఆధార్, వేలిముద్ర విషయంలో ఏం చేయాలి?

నందివెలుగులో ఎకరం, ఎకరంన్నర సాగు చేసుకునే రైతు ఈ రెండు మూడేళ్లలో తన ఆధార్ నంబరు ఎన్నిచోట్ల ఇచ్చాడో ఒకసారి లెక్కేసుకోండి. పీఎం కిసాన్‌కి, అన్నదాత సుఖీభవకి, ఈ-పంట నమోదుకి, రైతు విశిష్ట సంఖ్యకి, సహకార సంఘంలో అప్పుకి, ధాన్యం అమ్మేటప్పుడు కొనుగోలు కేంద్రానికి, రేషన్‌కి. కౌలు రైతైతే కౌలు కార్డుకి మరోసారి. నంబరుతోపాటు ఫోను, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, చాలాచోట్ల వేలిముద్ర కూడా ఇచ్చి ఉంటారు. ఇవన్నీ చివరికి ఏదో ఒక వెబ్‌సైట్ వెనకాల చేరతాయి. ఆ వెబ్‌సైట్‌కి తాళం సరిగా వేశారా లేదా అన్నది మీ చేతిలో లేదు. వేయకపోతే మీకు ఏ దారిలో నష్టం వస్తుందో, అందులో ఏ దారిని మీరు మూసుకోవచ్చో చూద్దాం.

ముందుగా మనందరికీ సంబంధించిన సంగతి. 2022 జూన్‌లో పీఎం కిసాన్ వెబ్‌సైట్ వార్తల్లోకి వచ్చింది. ప్రాంతాలవారీగా లబ్ధిదారుల లెక్కలు చూపించే డ్యాష్‌బోర్డు అందులో ఉంది. పైకి కనిపించేవి లెక్కలే అయినా, దాని వెనకభాగం రైతుల ఆధార్ నంబర్లను కూడా బయటికి ఇచ్చేస్తోందని అతుల్ నాయర్ అనే భద్రతా పరిశోధకుడు గుర్తించారు. అప్పటికి పథకంలో నమోదైన రైతులు 11 కోట్ల పైమాటే. ఆయన ఆ ఏడాది జనవరి చివర్లోనే కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేశారు. లోపం సరిచేసేసరికి మే నెలాఖరు అయింది. నాలుగు నెలలు! వరి మాగాణిలో మినుము చల్లి, పీకి, నూర్చి, అమ్ముకున్నా ఇంకా రోజులు మిగులుతాయి.

మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. 2017 మేలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయన్నది దాని సారాంశం. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్, చంద్రన్న బీమా. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు బాహాటంగా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. వీటిలో ఎక్కడా ఎవరూ గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. తలుపే వేయలేదు.

ఇక ప్లగిన్ అనే మాట. ఈ మధ్య వార్తల్లో 'ప్లగిన్‌లో లోపం, పాస్‌వర్డ్‌లు బహిర్గతం' అని తరచూ చూస్తున్నాం. ట్రాక్టర్ ఒక కంపెనీది, దాని వెనక తగిలించే రోటావేటర్ ఇంకో కంపెనీది అయినట్టే, వెబ్‌సైట్ ఒకరిది, దానికి తగిలించే ఫారం, ఫొటోల పెట్టె, మెయిల్ పంపే ముక్క వేరొకరివి. ఆ ముక్కల్నే ప్లగిన్లు అంటారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ అనే ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. దానికి ప్లగిన్లు వేలల్లో ఉన్నాయి.

2024 సెప్టెంబరులో లైట్‌స్పీడ్ క్యాష్ అనే ప్లగిన్ సంగతి బయటపడింది. అది వెబ్‌సైట్ వేగం పెంచే ముక్క. 60 లక్షలకు పైగా సైట్లలో ఉంది. తన పనిలో వచ్చే తప్పులు రాసుకోవడానికి అది ఒక లాగ్ ఫైలు పెట్టుకుంటుంది. ఆ రాతల్లోకి లోపలికి వెళ్లినవారి లాగిన్ గుర్తులు కూడా చేరిపోయాయి. ఫైలేమో బయటివాళ్లు తెరవగలిగే చోట ఉంది. మోటారు షెడ్డు కాపలాదారు 'తాళంచెవి ఫలానా రాయి కింద పెట్టాను' అని డైరీలో రాసి, ఆ డైరీని గట్టుమీద వదిలేసి వెళ్లాడనుకోండి, అచ్చంగా అదే. ఆ గుర్తు దొరికినవాడు పాస్‌వర్డ్ అవసరం లేకుండానే సైట్ యజమానిలా లోపలికి వెళ్లగలడు. కంపెనీ 6.5.0.1 వెర్షన్‌తో సరిచేసింది. 2020 డిసెంబరులో మెయిల్ పంపే ఈజీ డబ్ల్యూపీ ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌లోనూ ఇలాంటి లాగ్ ఫైలు లోపమే కనబడింది.

సరిచేయడమంటే కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చేయడం వరకే. దాన్ని సైట్‌లో వేసుకోవాల్సింది సైట్ నడిపేవారు. పెద్ద సంస్థలకు దానికో మనిషి ఉంటాడు. మన దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘానికో, విత్తనాల దుకాణానికో, పంట కొనే చిన్న సంస్థకో తెలిసిన కుర్రాడెవరో సైట్ కట్టిపెట్టి, తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఆ సైట్ ముఖం మళ్లీ ఎవరూ చూడరు. అందులో సభ్యత్వ ఫారం, దానికి జతచేసిన మీ ఆధార్ ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ మాత్రం అలాగే ఉంటాయి. నా దృష్టిలో చిన్న రైతుకు ప్రభుత్వ సైట్ కన్నా ఇలాంటి దిక్కులేని సైటే ఎక్కువ ప్రమాదం. ప్రభుత్వ సైట్‌లో లోపముంటే వెతికేవాళ్లు, నిలదీసేవాళ్లు ఉన్నారు.

మీరు ఏ సంఘంలోనైనా సభ్యులైతే వచ్చే సమావేశంలో ఈ మాట ఎత్తండి. సైట్ అప్‌డేట్లు ఎవరు చూస్తున్నారు? మన ఆధార్ కాపీలు ఇంకా అందులో ఎందుకున్నాయి? పని అయిపోయాక తీసేయవచ్చు కదా? ఆధార్ కాపీ తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఉడాయ్ వెబ్‌సైట్‌లో మై-ఆధార్ నుంచి దించుకోవచ్చు. అందులో మొదటి 8 అంకెలు కనబడవు, చివరి నాలుగే ఉంటాయి.

ఒక్క ఆధార్ నంబరు బయటపడితే డబ్బు పోతుందా? పోదు. కానీ దానికి వేలిముద్ర తోడైతే పోవచ్చు. ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో, అంటే ఊళ్లో మైక్రో ఏటీఎం దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలో, కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, పిన్ అడగదు. ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల దాకా తీయవచ్చు.

వేలిముద్ర ఎక్కడ దొరుకుతుందంటారా? పొలం రిజిస్ట్రేషన్ కాగితాల మీద. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటిమీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో అడుగు ముందుకేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి దించిన దస్తావేజుల్లోని ఆధార్ నంబర్లు, వేలిముద్రలతో జనం ఖాతాల్లోంచి డబ్బే తీసింది. పాస్‌వర్డ్ పోతే రేపు మార్చుకుంటాం. బొటనవేలు ఎక్కడ మారుస్తాం?

అందుకే బయోమెట్రిక్ లాక్ గురించి తెలుసుకోండి. ఎం-ఆధార్ యాప్‌లో గానీ మై-ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ మీ వేలిముద్ర, కనుపాపలకు తాళం వేసుకోవచ్చు. వేశాక మీ పేరుతో ఎవరు నకిలీ వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోదు. దీనికి ఆధార్‌కి అనుసంధానమైన ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. పాత సిమ్ పోయి, కొత్తది ఆధార్‌లో ఎక్కించుకోనివారు ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి అది చేయించుకోండి.

ఇందులో ఒక చిక్కుంది, చాలామంది చెప్పరు. తాళం వేస్తే మీ వేలు కూడా పడదు. రేషన్ దుకాణంలో, రైతు సేవా కేంద్రంలో ఈ-కేవైసీ దగ్గర యంత్రం మీ ముద్రను ఒప్పుకోదు. అప్పుడు యాప్‌లో తాత్కాలికంగా తీయాలి. పది నిమిషాలు తెరిచి ఉంటుంది, తర్వాత తనంతట తానే మూసుకుంటుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోను వాడే పిల్లలుంటే ఇది ఇబ్బంది కాదు. ఒంటరిగా ఉండే ముసలివారు ప్రతినెలా వేలుపెట్టి రేషన్, పింఛను తీసుకుంటుంటే లాక్ వారికి ఆసరాకన్నా అవస్థే అవుతుంది. వాళ్లు బ్యాంకుకు వెళ్లి 'నా ఖాతాలో ఆధార్ వేలిముద్ర లావాదేవీలు ఆపండి' అని రాసివ్వడం మేలు. మైక్రో ఏటీఎం వాడనివాళ్లెవరికైనా ఇదే సులువు. సబ్సిడీ సొమ్ము ఖాతాలో పడటానికి దీనితో అడ్డం రాదు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఓటీపీతోనూ అవుతుంది కాబట్టి లాక్ ఉన్నా ఇబ్బంది లేదు.

రెండో దారి ఫోను. వివరాలు బయటికి పోయాక మోసగాడు ఊరికే ఫోన్ చేయడు. మీ పేరు, మీ నాన్నగారి పేరు, ఊరు, ఖాతా చివరి నాలుగు అంకెలు చెప్పి, 'మీ విడత ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి' అంటాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసరే అయి ఉంటాడని మనకు నమ్మకం కుదురుతుంది. కానీ ఆ వివరాలు ఎవరికైనా దొరుకుతాయని పైన చూశాం. వాట్సాప్ గ్రూపుల్లో 'పీఎం కిసాన్' పేరుతో తిరిగే ఏపీకే ఫైళ్లు ఎవరు పంపినా తెరవొద్దు, మీ బావమరిది పంపినా సరే. అతని ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండవచ్చు. విడత సంగతి రైతు సేవా కేంద్రంలోనే కనుక్కోండి.

డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో చోట జరిగి ఉంటే, మెసేజ్ అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే నష్టం మీమీద పడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత మీరు భరించాలి. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీదే. అందుకే ఖాతాకు ఫోన్ నంబరు ఉండటం ముఖ్యం. మెసేజే రాకపోతే పోయిన సంగతి పాస్‌బుక్ వేయించేదాకా తెలియదు.

వివరాలు వదిలేసిన వెబ్‌సైట్‌కి శిక్ష లేదా అని అడగవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఆ జరిమానా చేరేది ప్రభుత్వ ఖజానాకి. వివరాలు పోయిన రైతుకు అందులోంచి రూపాయి రాదు. చట్టం రాసినవారు ఇక్కడ రైతును మరిచారనే నా అభిప్రాయం.

దాళ్వా పనుల్లో పడేలోగా ఒక సాయంత్రం కూర్చుని మై-ఆధార్‌లో 'ఆథెంటికేషన్ హిస్టరీ' తెరిచి చూడండి. గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఏ రోజు, ఏ సమయంలో, వేలితోనా ఓటీపీతోనా వాడారో అందులో ఉంటుంది. మీరు చేలో ఉన్న రోజున వేలిముద్ర పడినట్టు కనిపిస్తే 1947కి ఫోన్ చేసి చెప్పండి, ఆ రోజే బ్యాంకులో పాస్‌బుక్ వేయించుకోండి.