అమ్మ రెండు డబ్బాల లెక్క

మా బావ న్యూజెర్సీలో సరుకుల కొట్టు పెట్టిన కొత్తలో, స్టాకు లెక్కకి నేనే ఓ ప్రోగ్రాం రాసిచ్చాను. ఆర్నెల్లు తిరక్కుండానే అరల వెనక నలభై గోధుమపిండి సంచులు పురుగుపట్టి బయటపడ్డాయి. కొత్తవి వచ్చినప్పుడల్లా ముందు పేర్చడంతో పాతవి వెనకే ఉండిపోయాయి. ఎన్ని ఉన్నాయో నా ప్రోగ్రాం చెప్పింది గాని, ఎప్పుడొచ్చాయో అడగలేదు. ఆ నెల కొట్టు అద్దె డబ్బు చెత్తలో పోయింది. బావ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

అక్క మాత్రం అంది: "అమ్మ పాత బియ్యం మీద కొత్త బియ్యం ఎప్పుడైనా పోసిందిరా?"

నిజమే! అమ్మకి రెండు డబ్బాలు. ఒకటి అడుగంటగానే కొట్టుకి చీటీ పంపి, రెండోది తెరిచేది. పాతది ముందు అయిపోతుంది, ఇల్లు ఎప్పుడూ నిండుకోదు. 1950లలో అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి నుంచి స్ఫూర్తి పొంది టయోటాలో తైచీ ఓనో తెచ్చిన 'కాన్‌బాన్' కూడా ఇలాంటి చీటీయే: వాడినంతే తెప్పించు.

ఇప్పుడు బావ కొట్లో ప్రతి పెట్టె మీదా మార్కరుతో వచ్చిన తేదీ వేస్తారు. కొత్తది వెనక్కి, పాతది ముందుకి.

పిల్లలూ, ఈ శనివారం మీ పాంట్రీలో అన్నిటికన్నా పాత డబ్బా ఏదో వెతికి అమ్మకి చెప్పండి. నాన్నకి చెప్తే ప్రోగ్రాం రాస్తాడు!