కార్తెలు తప్పిన కాలము

ఇటీవల ఒకనాడు తరగతిలో పాఠము నడుమ కార్తెల ప్రసక్తి వచ్చినది. ఇరువదియేడు కార్తెలను వరుసగా చెప్పగలవారెవరని అడిగితిని. కోనసీమనుండి వచ్చిన విద్యార్థి యొకడు మాత్రమే లేచి, అశ్విని మొదలు రేవతి వరకు తడబడక చెప్పి, “మా తాతగారు నేర్పారండి. ఇప్పుడు మా నాన్నగారు వాటిని చూసి నారు పోయడం లేదండి” అనెను. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది.

కార్తె యనగా సూర్యుడొక నక్షత్రమున నుండు పదమూడు, పదునాలుగు దినముల కాలము. రోహిణిలో రోళ్ళు పగులుననియు, జూన్ మొదటి పక్షమున మృగశిర చొచ్చినతోడనే ఏరువాక సాగవలెననియు మనవారు నమ్మినది అనుభవము చేతనే. నక్షత్రముల లెక్కకును ఋతువుల లెక్కకును సుమారు 72 ఏండ్లకొక దినము చొప్పున తేడా వచ్చును. అది నిజమే కాని, తాతకును మనుమనికిని నడుమ ఆ తేడా ఒక్క దినమైనను కాదు. కావున తప్పు కార్తెలది కాదు.

మరి వరికి కాలమెట్లు తెలియును? దానికి రెండు గడియారములున్నవి. ఒకటి పగటి నిడివి, రెండవది వేడిమి. వెనుకటి సార్వా రకములలో పెక్కింటికి మొదటిదే ప్రధానము. నారు పది దినములు ముందు పోసినను, వెనుక పోసినను, పగలు కురుచయగు శరత్తు వచ్చినగాని అవి ఈనవు. వాన ఆలస్యమైన యేట పైరు పొట్టిగా నుండవచ్చును గాని, ఈనుట ఇంచుమించు ఆ వేళకే. 1966లో ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 వంటి రకములు ఈ కట్టుబాటును త్రెంచినవి. ఏ ఋతువున నాటినను అవి తమ దినముల లెక్కకు ఈనును. దేశపు ఆకలి తీర్చిన ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే ఆ దినముల లెక్క నిజమునకు వేడిమి లెక్కయే. వేడి హెచ్చినచో, కొంత మేరవరకు, పైరు త్వరపడి ఈని త్వరపడి పండును. ఇది లాభమనుకొనరాదు. గింజ పాలుపోసికొని గట్టిపడు దినములు తగ్గిన, దాని బరువును తగ్గును.

1901–2018 నడుమ భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020 నాటి నివేదిక తెల్పుచున్నది. ఇంతేనా యని పెదవి విరచువారు కలరు. పైన చెప్పిన సంస్థవారి పొలముననే కొన్నేండ్ల దిగుబడులను వాతావరణపు లెక్కలతో సరిపోల్చి శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన ఫలితమును వారు చూడవలెను. ఎండకారు పంటకాలమున రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో దిగుబడి పదింట నొకవంతు తగ్గినది! పగలు కూడబెట్టినది వెచ్చని రాత్రి శ్వాసకే వ్యయమగునని దీనికొక వివరణ.

గోధుమ కథయు నిట్టిదే. 2022 మార్చి మన దేశమున 1901 తరువాతి మార్చినెలలన్నింటిలో అత్యుష్ణము. ఉత్తరాదిని గింజకట్టు వేళ ఆ ఎండ తగిలినది. మే 13న ప్రభుత్వము గోధుమ ఎగుమతిని నిషేధించినది.

మన డెల్టాలలో చిక్కు మరియొక రీతిది. ఇచ్చట రెండు పంటలు ఒకదాని వెనుక నొకటి నిలుచున్నవి. సార్వా నాట్లు వెనుకబడిన, కోతలు తుపాను దినములలోనికి జరుగును. దాళ్వాయు వెనుకబడి, పూత ముదిరిన ఎండలలో పడును. వరిపువ్వు విచ్చుకొను ఆ కొద్దిగంటలలో ఎండ 35 డిగ్రీలు దాటిన, పుప్పొడి చెడి వెన్నున తాలు మిగులును. 2023 ఆగస్టులో దేశమున కురిసిన వాన 1901 తరువాత ఏ ఆగస్టుకంటెను తక్కువ. ఆ యేడే డిసెంబరు 5న బాపట్ల చెంత మిచౌంగ్ తుపాను తీరము దాటునప్పటికి ఎన్నో చేలలో వరి కోయకయో, పనలమీదనో యున్నది. అట్టి వేళ పది దినముల తేడా గాదెకును బురదకును గల తేడా.

స్వల్పకాలిక రకములు వేయుడని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 145, 150 దినముల స్వర్ణకు బదులు 120 దినముల కాటన్‌దొర సన్నాలు వేసిన నెల మిగులును. రెండును మార్టేరు పరిశోధన స్థానము ప్రసాదించినవే. సలహా మంచిదే. కాని రకము మార్చినంతమాత్రమున నారు పోయు దినము రైతు చేతికి రాదు. ఋతుపవనముల తిరోగమనము దేశపు వాయవ్యమున సెప్టెంబరు 1న మొదలగునన్న పాత లెక్కను వాతావరణశాఖ 2020లో సవరించి, 17వ తేదీకి మార్చినది. ప్రభుత్వమే తన పంచాంగమును దిద్దుకొన్నదన్నమాట! కాలువలకు నీరు వదలు తేదీలను కూడ అంత శ్రద్ధతో దిద్దవలెననియు, ఆ తేదీలు కాలువ మొదటివానికే కాక చివరివానికి సయితము నిజము కావలెననియు నా అభిప్రాయము. ఎండను వెంటనే తగ్గించుట ఎవరి వశమును కాదు. లాకు తలుపు మనుష్యుల వశము.

ఆ విద్యార్థిని మరల కలిసినప్పుడు, మీ నాన్నగారిప్పుడు దేనిని చూచి నారు పోయుదురని అడిగితిని.

“మాది శివారండి” అనెను. “లాకులు తీశారని కబురు వస్తుంది. నీళ్ళు మా దాకా రావడానికి ఇంకో పది రోజులు పడుతుందండి. అవి వచ్చిన రోజే మాకు మృగశిర.”