నిపుణులకు తెలియనిదానికి నష్టం ఎవరు భరించాలి?

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యువులను సవరించి తయారుచేసిన రెండు వరి రకాలను ప్రకటించారు. అందులో 'కమల' మన రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో, మన సాంబ మసూరి నుంచే పుట్టింది. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత ఇరవై రోజులు ముందు అని చెప్పారు. సికింద్రాబాదులో మా సంఘం ఆఫీసుకు వచ్చే కౌలు రైతులు, కూలీలు అడిగేది ఒక్కటే: "యీ మాట నమ్మొచ్చునా?"

ఎంతవరకు నమ్మాలి, ఆ మాట తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అని కూడా అడగాలంటాం మేము.

ముందు లెక్క చూద్దాం. సాంబ మసూరి హెక్టారుకు 4.5 టన్నులైతే కమల 5.37 టన్నులట. అంటే ఎకరాకు 18 క్వింటాళ్లు ఇరవయ్యొకటిన్నర అవుతుంది. ఇది దేశంలో అనేక చోట్ల పండించి తీసిన సగటు. సగటు తప్పుడు లెక్క కాదు. కాని సగటు మీద ఎవరూ సేద్యం చెయ్యరు. రైతు అప్పు తెచ్చి నాటేది ఒక్క మడిలో. ఎన్నిచోట్ల పెరిగింది, ఎన్నిచోట్ల పెరగలేదు, ఎక్కడ తగ్గింది అనేదే వాడికి కావాలి.

2025 అక్టోబరులో జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు పరిశోధనా మండలి సొంత నివేదికల్లోని అంకెలే ఎత్తిచూపి, చెప్పినంత దిగుబడి లేదన్నాయి. మండలి కాదన్నది. ఎవరికి వారు తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే రైతు ఏమి తేల్చుకోవాలి? పైగా 2022 మార్చిలోనే, బయటి జన్యువు మిగలని ఇటువంటి మొక్కలకు కేంద్రం కఠిన తనిఖీల నుంచి మినహాయింపు ఇచ్చింది. ప్రమాదం లేకపోవచ్చు. కాని "ప్రమాదం లేదని తేలింది" అనడం వేరు, "ప్రమాదం కనబడలేదు" అనడం వేరు. చూడకపోతే ఏదీ కనబడదు.

పత్తి విషయం మరచిపోలేదు. 2002 మార్చిలో కేంద్ర కమిటీ మూడు బి.టి. పత్తి రకాలకు అనుమతి ఇచ్చింది. వరంగల్ రైతులు ఖరీదైన ప్యాకెట్లు కొని వేశారు, చాలామంది దెబ్బతిన్నారు. 2005లో అదే కమిటీ ఆ మూడు రకాలనూ మన రాష్ట్రంలో వద్దన్నది. నిపుణుల అభిప్రాయం మారడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల ఖర్చు రైతు పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన బి.టి. రకాలు పచ్చపురుగు మందు తగ్గించిన మాట నిజమే, దేశమంతా పాకిన మాటా నిజమే. అయితే గులాబీ పురుగు వాటినీ తట్టుకుని మళ్లీ వచ్చింది. విత్తనం పూర్తిగా మంచిదనీ, పూర్తిగా చెడ్డదనీ ముందే తీర్పు చెప్పినవాళ్లిద్దరూ పొరబడ్డారు.

ఇంకొక సంగతి నిపుణుల జాబితాలోకే రావడం లేదు. కలుపుమందు కొట్టినా చావని పత్తి విత్తనం కొన్నేళ్లుగా అనుమతి లేకుండానే దొంగచాటున అమ్ముడవుతోంది. అది వేసిన చేనులో కలుపుతీతకు మనిషి అక్కర్లేదు. పశువుకు ఏమవుతుంది, తేనెటీగకు ఏమవుతుంది అని పరీక్షలున్నాయి. ఉండవలసిందే. కాని కలుపు తీసే ఆడకూలీకి ఎన్ని దినాల కైకిలి పోతుందనే పరీక్ష ఎక్కడుంది?

చదువురానివాళ్లకు ఇవి అర్థం కావనేది పెద్దమనుషుల మాట. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. ఎక్కువ మంది ఆడవాళ్లతో కూడిన చిన్నకారు రైతుల జ్యూరీ అధికారుల మాట, కంపెనీవాళ్ల మాట, శాస్త్రజ్ఞుల మాట విని, ఎదురు ప్రశ్నలు వేసి తీర్పు చెప్పింది. 'విజన్ 2020'నీ, జన్యుమార్పిడి విత్తనాలనూ కాదన్నది. ఆ నివేదికను బ్రిటిష్ ప్రభుత్వ సహాయ శాఖ తప్పుపట్టింది. తప్పుపట్టవచ్చు. కాని సాక్షిని నిలబెట్టి అడగడం కూలీలకు చేతనవునని అక్కడ రుజువైంది.

అందుచేత మేము కోరేది విజ్ఞానాన్ని ఆపమని కాదు. కొత్త విత్తనం వచ్చినప్పుడల్లా తెలిసింది, తెలియనిది, వాదంలో ఉన్నది మూడు కుప్పలుగా విడగొట్టి తెలుగులో అచ్చువెయ్యాలి. సగటుతోపాటు చోటుచోటుకూ వచ్చిన దిగుబడి ప్రకటించాలి. కమిటీలో కాదన్నవాడి మాటనూ అవునన్నవాడి మాట పక్కనే పెట్టాలి. తయారుచేసినవారికి సంబంధం లేనివాళ్లు మన నేలల్లో పరీక్షించాలి. పోయే కూలిదినాల లెక్క కట్టాలి. పంట పోతే పరిహారం ఎవరిస్తారో విత్తనం అమ్మకముందే రాతపూర్వకంగా ఉండాలి. అది పట్టాదారుకు కాదు, సాగుచేసిన కౌలుదారుకు అందాలి.

తెలియదని చెప్పడం శాస్త్రజ్ఞుడికి నామోషీ కాదు. తెలియనిదాన్ని దాచి, దాని ఖర్చు పేదవాడి పద్దులో రాయడమే అన్యాయం. గ్రామాల్లో రైతు సంఘాలు, కూలీ సంఘాలు కలిసి వానాకాలం విత్తనాలు రాకముందే యీ ప్రశ్నలు వ్యవసాయాధికారుల ముందు పెట్టాలి.