ఆవిరి ముసుగున వచ్చిన పొగాకు



ఈ నడుమ మన చిన్నమనూరు బజారునకు సరకుల మాదిరులు తెచ్చువారిలో నొకడు బలపమంత పొడవు గల పరికర మొకటి నా గల్లాపెట్టెపై నుంచి, “ఇది పొగ కాదు, ఉత్త ఆవిరి. నిప్పు లేదు, బూడిద లేదు, కంపు లేదు. లాభము రెండింతలు” అనెను. చూపునకు వ్రాతకలము, వాసనకు ద్రాక్షపండు. మన కంబము పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినదని సంతోషించితిమి గదా! ఈ ద్రాక్ష యే తోటను కాచినది కాదు. వలదని తిప్పి పంపితిని.

దీని మర్మమేమి? చిన్న బ్యాటరీ యొక తీగచుట్టను వేడి చేయును. ఆ వేడికి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అను ద్రవములు ఆవిరియై, తమతోడ నికోటినును ఊపిరితిత్తులకు గొనిపోవును. చుట్టలోను, బీడీలోను మనుష్యుని దాసుని జేయునది యీ నికోటినే. పాత దొంగ కొత్త తలపాగా చుట్టి వచ్చినాడు. ఉత్త ఆవిరి యనుట పచ్చి యబద్ధము.

మన తాతలు చుట్ట త్రాగలేదా యని యడుగువారు గలరు. త్రాగిరి. కాని చుట్ట తన్ను దాచుకొనలేదు. కుఱ్ఱవాడు దొంగతనముగ నొక దమ్ము పీల్చినను తల్లి వాసన పట్టి చెవి మెలిపెట్టెడిది. ఈ పరికరపు ప్రధాన గుణమే దాగుట. పుస్తకముల సంచిలో కలమువలె నుండును. బీడీ మానదలచిన ముదుసలికి ద్రాక్షరుచి యేల? ఆ రుచి యెవరి నాలుకకై కలిపిరో వర్తకులమైన మనకు వేరే చెప్పవలెనా?

“బ్రిటనులో వైద్యులే దీనిని సూచించుచున్నారు” అందురు. నిజమే, సిగరెట్టు మానదలచిన పెద్దలకు మాత్రమే. 2003లో దీనిని రూపొందించిన చీనా దేశపు ఔషధ నిపుణుడు హాన్ లిక్ తలచినదియు సిగరెట్టుకు బదులనియే. పొగ యెరుగని పిల్లవానిని మొదలుపెట్టుమని యే వైద్యుడును చెప్పడు. ఒకమారు వాడి పారవేయు రకములను ఆ బ్రిటనే 2025 జూన్ 1 నుండి నిషేధించినది.

“సిగరెట్టు అమ్మవచ్చును, ఇదేల కూడదు?” అనునది మరియొక వాదము. తీరని పాత అప్పున్నదని కొత్త అప్పు చేయువానిని ఏ వర్తకుడు మెచ్చును?

చట్టము స్పష్టముగ నున్నది. తమిళనాడు 2018లోను, కేంద్ర ప్రభుత్వము దేశమంతటను 2019లోను దీనిని నిషేధించినవి. కేంద్ర చట్టము క్రింద తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన అన్నియు నేరములే. నికోటిన్ లేని రకమను సాకు చెల్లదు. మొదటిమారు ఏడాది వఱకు జైలు, లేదా లక్ష రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. మరల చేసిన మూడేండ్ల వఱకు జైలు, ఐదు లక్షల వఱకు జరిమానా. అమ్ముటకు నిలువయుంచుటయు శిక్షార్హమే.

అయినను ప్రతి యంగడి బల్లక్రిందను పోలీసు వెదకజాలడు. అది మన పని. మన సంఘీయుల యంగళ్లలో ఈ సరకు ఒక్కటియు నుండరాదు. ఉన్నవారు నేడే తొలగింపవలెను. తల్లిదండ్రులు పిల్లల సంచులలో ఇట్టిది కనబడినచో కొట్టక, “నాయనా, ఇది పొగాకే” యని చెప్పి మాన్పింపవలెను. ఇచ్చినవాని పేరడిగి, ఆ యంగడివానిని నలుగురి యెదుట నిలదీయవలెను. వాడు మనవాడైనను సరే.