పసివాడికి లంఖణమా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా తవిటినాయుడు, తవిటమ్మ, పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు తగులుతాయి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పెట్టి ఎత్తుకొచ్చేవారు. లేదంటే ఎవరి చేతుల్లోనో పెట్టి, చాటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కునేవారు. ఇంత చవకైన బిడ్డ మీద చావు కన్ను పడదని ఆశ. ఈ పేర్లు విని నవ్వేవాళ్లను చూస్తే నాకు కోపం. ఒక్కో తవిటినాయుడి వెనక మట్టిలో కలిసిపోయిన అన్నో అక్కో ఉంటారు. వాళ్లలో ఎందరిని వాంతులూ బేదులూ పట్టుకుపోయాయో రాసి పెట్టినవాళ్లు లేరు. కలరాను మనవాళ్లు మరిడి అన్నారు, ఆ మరిడికే గుడి కట్టి మరిడమ్మని చేశారు, పుట్టిన పిల్లలకి మరిడయ్య అని పేరు పెట్టుకున్నారు. మందు తెలియని కాలంలో మొక్కడం తప్ప వాళ్లు చేయగలిగింది లేదు. మందు తెలిశాక కూడా పాత భయమే ఇంట్లో పెత్తనం చేస్తుంటే మాత్రం ఊరుకోకూడదు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. వంశధార ఒడ్డున మా బంధువుల ఇల్లు. పదకొండు నెలల పిల్లాడికి రెండో రోజూ బేదులు ఆగలేదు. ఏడుస్తున్నాడు గాని కంట నీళ్లు రావడం లేదు. మామ్మ వాడి తల నిమిరి అంది: "మాడు గుంటడిపోనాది. కళ్లు లోనికెళ్లిపోనాయి. దిష్టి తగిలినాది." మాడు మీద ఆముదం పెట్టింది. గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు వాడి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. వాడి తల్లి గ్లాసు అందుకోబోతే చెయ్యి పట్టుకుంది: "నీలియ్యకే, ఇస్తే మరీ పారిపోద్ది."

ఆ ఉప్పు గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పిల్లాడి కడుపులోకి వెళ్లవలసిన ఉప్పు వాడి తల చుట్టూ తిరిగి నిప్పుల పాలైంది.

మామ్మ మూర్ఖురాలు కాదు. గుంటపడిన మాడు, లోతుకు పోయిన కళ్లు, కన్నీరు రాని ఏడుపు, ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిపోయిందనడానికి గుర్తులని వైద్య పుస్తకాలూ చెబుతాయి. పుస్తకం చూడకుండానే ఆమె కనిపెట్టింది. ఆమె తప్పింది కారణం దగ్గర. నీరు పోయిన బిడ్డకి నీరు పోయాలి అనే చిన్న లెక్క దగ్గర దిష్టి అడ్డొచ్చింది. దానికి తోడు "లంఖణం పరమౌషధం" అనే సామెత. భోజనం ఎక్కువై ఆయాసపడే పెద్దమనిషికి ఒక పూట పస్తు మంచిదేమో. పది గిన్నెల నీరు పోగొట్టుకున్న పసివాడికి పస్తు పెట్టడం మందు ఎలా అవుతుంది? నీళ్లు మానిపిస్తే బేదులు తగ్గినట్టు కనిపించడం నిజమే, లోపల పోవడానికి ఏమీ మిగలదు గనక. "పాలు పడలేదు" అని తల్లిపాలు ఆపడం, పళ్లొస్తున్నాయిలే అని వదిలెయ్యడం కూడా ఈ కోవలోవే. పళ్లొచ్చే వయసు, పిల్లాడు నేల మీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు ఒక్కటే. రోగం ఆ మట్టి చేతుల నుంచి వస్తుంది, చిగుళ్ల నుంచి కాదు.

దిష్టి తీస్తే తగ్గిన పిల్లలు లేరా అంటారు. ఉన్నారు. మామూలు బేదులు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. బతికినవాడు దిష్టి తీసిన చేతికి సాక్ష్యం చెబుతాడు. పోయినవాడు ఏ సాక్ష్యమూ చెప్పలేడు. వాడికి "ఆయుష్షు లేదు" అని ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. మన్యంలో అయితే ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానం పుట్టి, రెండో ప్రాణం మీదికి వస్తుంది.

బేదులప్పుడు పేగు ఒట్టి ఉప్పును సరిగా పీల్చుకోలేదు. కాని గ్లూకోజుతో జతగా వచ్చిన ఉప్పుకి ఒక దారి తెరిచే ఉంటుంది. ఆ రెండూ లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. తాగించింది ఎక్కువగా రోగుల సొంతవాళ్లే. ఈ వైద్యానికి మంత్రం అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు, చెంచా పట్టుకోగల చెయ్యి చాలు. జనానికి దీని మీద గురి కుదరకపోవడానికి కారణం కూడా అదేనని నా అనుమానం. మందంటే మనకు తెలియనిదీ, పరాయి చెయ్యి వేసేదీ అయ్యుండాలి! అందుకే ఎజ్జోడి (మంత్రం వేసే నాటువైద్యుడి) దగ్గర నుంచి లేచినవాళ్లు నేరుగా సెలైన్ సీసా దగ్గరికి పోతారు. బిడ్డ సోలిపోయి తాగలేని స్థితిలో ఉంటే, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాక రెండు సెకన్లు దాటినా ముడత అలాగే ఉంటే, సెలైన్ ఎక్కించాల్సిందే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. తాగగలిగిన బిడ్డకి మాత్రం ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లు, అంటే ఓఆర్ఎస్, సెలైన్‌కేమీ తీసిపోవు.

చదువుకున్న ఇళ్లలో ఈ మూఢత్వం డబ్బాల్లోకి మారింది. గ్లూకోజు పొడి ఒక్కటే కలిపి ఇస్తారు, కూల్ డ్రింకు పట్టిస్తారు. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లో నీటిని పేగులోకి లాగి బేదులు పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. దానికి ఎన్నో రెట్లు చక్కెర పోసిన పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో మందుల దుకాణాల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

తల్లులను నిలదీసి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఎన్ని ప్రాణాలన్నదానిపై ఊరి లెక్కా అధికారుల లెక్కా కలవలేదు. మంచినీళ్లు ఇవ్వవలసిన బాకీ ప్రభుత్వానిది. దానికి దిష్టీ గాలీ అడ్డుపెట్టుకునే వీలు ఎవరికీ ఇవ్వకూడదు.

వంశధార ఒడ్డున ఆ ఇంటికి ఆ సాయంత్రం ఊరి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) వచ్చి, ఒక ఓఆర్ఎస్ పాకెట్టు మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపింది. పిల్లాడి బరువు ఎనిమిది కిలోలు. కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున 600, నాలుగు గంటల్లో పట్టాలి. టీ చెంచాతో లెక్కేస్తే 120 చెంచాలు, రెండు నిమిషాలకు ఒకటి. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. మధ్యలో తల్లిపాలు ఆపొద్దని, తేరుకున్నాక గంజన్నం పెట్టమని చెప్పింది. తల్లి మొదట పట్టింది. ఆమె చేతులు వణుకుతుంటే మామ్మ చెంచా తీసుకుంది. దీపాలు పెట్టే వేళ మొదలైంది, పది దాటింది. ఒడిలో పిల్లాడు కదిలి, పొద్దుటి నుంచి లేని ఉచ్చ పోశాడు. మామ్మ చీర తడిసింది. ఆమె లేవలేదు. ఇంకో చెంచా నింపింది.