లొకేషన్ ఎవరికోసం?

‘మొబైల్ స్త్రీకి స్వేచ్ఛనిచ్చింది’ అని సెమినార్లలో చెప్పే మిత్రులతో నాకు పేచీ ఉంది. 1995లో మన దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్ళినప్పటినుంచీ ఫోను చాలానే మారింది. బటన్లు పోయాయి, కెమెరా వచ్చింది, బ్యాంకు కూడా అందులోకే వచ్చింది. సరే, మరి పెత్తనం?

2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మా ఇంటికి నోకియా 1100 వచ్చింది. ఆయన ఇంకోటి కొనుక్కున్నాకే అది నా చేతికొచ్చింది. ఇప్పటికీ అంతే, కొత్తది ఆయనకి, పాతది నాకు. (నా పాత చీరలు పనిచేసే అమ్మాయికి ఇచ్చేటప్పుడు నాకిది గుర్తు రాదనుకోండి.) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉందన్న స్త్రీలు 54 శాతమే. వాళ్ళలో ఎందరి లాక్ నంబరు భర్తకో అన్నకో తెలుసో!

ఆ బటన్ల ఫోనులో ‘ఎక్కడున్నావ్?’ అనడిగితే ‘బస్సులో’ అని చెప్పి, స్నేహితురాలింట్లో ఇంకో అరగంట కూర్చునేదాన్ని. ఆ అరగంట నాది. ఇప్పుడు అడగరు, లొకేషన్ చూస్తారు. నా భద్రత కోసమట! అలాగైతే మీది నాకెందుకు కనబడదని పోయినవారం అడిగాను. ‘నాకేం భయం?’ అన్నారు.

ఆ రాత్రే నాదీ ఆపేశాను. అప్పట్నుంచీ ఇంట్లో మాటల్లేవు.